ఎడమవైపు కౌగిలి

కిందటి వారం హోలిస్ బ్రానక్‌ని మనం చర్చి భోజనాల హాల్లో, నలుగురి మధ్యా, కట్టుకున్న భార్య చేతుల్లోంచి విదిలించుకుని వెనక్కి గెంతుతుండగా వదిలేశాం. పాపం, ఈ వారమంతా ఆయన అక్కడే, కింద పడ్డ బంగాళాదుంప సలాడ్ పక్కన, కుడి మోచెయ్యి నడుముకి అదిమిపెట్టుకుని నిలబడే ఉన్నాడు. అందుకని ఆలస్యం చేయకుండా ఆయన సంగతి చూద్దాం.

కథని మధ్యలో అందుకున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. హోలిస్‌కి అమెరికాలోని కెంటకీలో, మిల్‌స్టోన్ గ్యాప్ అనే చిన్న ఊళ్లో మందుల షాపు ఉంది. తండ్రి నుంచి వచ్చిన షాపు. మొన్న జులైలో పట్టపగలు ముసుగు వేసుకున్నవాడొకడు లోపలికొచ్చి, కౌంటర్ దగ్గర పనిచేసే కెండ్రా తలకి పిస్టల్ ఆనించి, మత్తిచ్చే నొప్పి మాత్రల సీసాలన్నీ సంచీలో వేయించుకుని పోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి హోలిస్‌కి కంటి మీద కునుకు లేదు. నెలన్నర కిందట పక్క ఊరు వెళ్లి చిన్న పిస్టల్ ఒకటి కొన్నాడు. గట్టి ప్లాస్టిక్ ఒరలో పెట్టి, ప్యాంటు లోపలికి, నడుం కుడివైపు దోపుకుని, పైన చొక్కా కప్పుకుని తిరుగుతున్నాడు. ఆ ఊళ్లో అదేం వింత కాదు. సగంమంది అలాగే తిరుగుతారు. వింత ఏమిటంటే, హోలిస్ దాన్ని దాస్తున్నది దొంగల దగ్గర కాదు, భార్య ఆర్డిత్ దగ్గర.

పెళ్లికి ముందు ఆర్డిత్ ఒక్కటే కోరింది. నా ఇంట్లో తుపాకీ ఉండకూడదు, అంది. ఆమె తమ్ముడు క్లే పందొమ్మిదేళ్ల వయసులో, తండ్రి రివాల్వర్‌తో, సొంత ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. అంతకుమించి ఆమె ఎన్నడూ చెప్పలేదు, హోలిస్ ఎన్నడూ అడగలేదు. తాత ఇచ్చిన వేటతుపాకీని కూడా చిన్నాన్న కొడుక్కి ఇచ్చేసి, ఇరవై ఆరేళ్లు ఆ మాట మీద నిలబడ్డాడు. ఇప్పుడు నెలన్నరగా ఆ మాటని నడుం పక్కన తొక్కిపెట్టి తిరుగుతున్నాడు.

తుపాకీ కొనడం పెద్ద పనేం కాదు. దాంతో కాపురం చేయడమే కష్టమని హోలిస్‌కి మొదటి రోజే తెలిసొచ్చింది. ప్యాంటు ఒక సైజు పెద్దది కొనాలి. బెల్టు బిరుసుగా ఉండాలి, లేకపోతే ప్యాంటు ఒకవైపు జారిపోతుంది. ముప్పై ఏళ్లుగా చొక్కా నీటుగా లోపలికి దోపుకునే మనిషి ఉన్నట్టుండి దాన్ని బయటికి వేలాడేసుకుని తిరగాలి. షాపులో కింది అరలోంచి దగ్గుమందు తీయాలంటే నడుం వంచకూడదు, వంచితే చొక్కా బిగుసుకుని లోపలి ఆకారం బయటపడుతుంది. మోకాళ్లు వంచి గొంతుక్కూర్చుని తీయాలి. పై అరలో సీసా అందుకోవాలంటే ఎడమ చెయ్యే ఎత్తాలి. చర్చిలో చెక్క బల్ల మీద కూర్చునేటప్పుడు కాస్త ఏమరుపాటుగా ఉన్నా ఠక్కుమని చప్పుడవుతుంది, ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరుగుతారు.

అన్నిటికన్నా కష్టం కౌగిలింతలు. ఆ ఊళ్లో మనుషులు కలుసుకుంటే చెయ్యి ఊపి ఊరుకోరు, ఆడా మగా అందరూ వాటేసుకుంటారు. హోలిస్ ఎడమ భుజం ముందుకి పెట్టి, కుడి మోచెయ్యి నడుముకి అదిమి, పక్కనుంచి ఒక సగం కౌగిలి ఇచ్చి జారుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఊరివాళ్లకి అది సరిపోయింది. ఇంటావిడకి సరిపోలేదు.

భయం తగ్గుతుందని కొన్నాడు. తగ్గకపోగా ఇంకొకటి తోడైంది. ఎవడో వస్తాడన్న పాత భయం అలాగే ఉంది, దానిమీద ఎవరో చూస్తారన్న కొత్త భయం. షాపులోకి ఎవరొచ్చినా ముందు మొహం చూడడు, చేతులు చూస్తాడు. ఆర్డిత్ దగ్గర పియానో నేర్చుకునే పిల్ల తండ్రి ఒకాయన చలికి చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వస్తే, హోలిస్‌కి ముచ్చెమటలు పట్టాయి. ఆయన చీదుతూ జేబురుమాలు తీశాడు, అంతే. ఇదివరకు రోడ్డు మీద ఎవడైనా అడ్డంగా కారు పోనిస్తే హారన్ మోగించి నాలుగు తిట్లు తిట్టేవాడు. ఇప్పుడు నడుం పక్కన ఏముందో గుర్తొచ్చి, తప్పు ఎదుటివాడిదైనా తనే చెయ్యెత్తి క్షమాపణ చెప్పుకుంటున్నాడు. మనిషి మెత్తబడ్డాడని ఊళ్లో మంచి పేరు కూడా వచ్చింది.

ఈ గుట్టు కనిపెట్టినవాడు ఊరంతటికీ ఒక్కడే, బ్రదర్ ఓర్విల్ స్టాంపర్. ఆదివారాలు చర్చి గుమ్మం దగ్గర కాపలా చూసే పెద్దమనిషి. ఆయన కోటు కింద ఏముందో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. మొదటి ఆదివారమే హోలిస్‌ని కార్ల వెనక్కి లాగి, "బ్రదర్, ఒక మాట చెప్తా, ఏమనుకోకు. దాన్ని మాటిమాటికీ అలా తడుముకోకు. చంటిపిల్ల గుడ్డ తడిపిందేమోనని చూసుకునే తల్లిలా ఉన్నావు," అన్నాడు.

హోలిస్ మొహం కందగడ్డయింది. "ఆర్డిత్‌తో మాత్రం అనకండి," అని బతిమాలాడు.

"నేనెందుకంటానయ్యా? ఆవిడ కోపమొచ్చి పియానో మానేస్తే, నా పాట ఎంత ఘోరంగా ఉంటుందో సంఘమంతా వినాల్సొస్తుంది."

సరే, ఇక హాలు సంగతి.

ఆ ఆదివారం ఆర్డిత్ చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉంది. కారణం ఆమె తండ్రి వెర్లన్ సైజ్‌మోర్. ఎనభై దాటిన మనిషి. వసంతంలో భార్య ఇమోజిన్ పోయినప్పటి నుంచి, కూతురింటికి తప్ప గడప దాటి ఎక్కడికీ వెళ్లలేదు. కూతురు ఎంత బతిమాలినా చర్చికి రానన్నాడు. అలాంటిది ఆ రోజు తనే గడ్డం గీసుకుని, టై కట్టుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆఖరి కీర్తన వాయించి, పియానో మూసి, హాల్లోకి వచ్చిన ఆర్డిత్‌కి ఆ ఆనందం ఎవరితోనైనా పంచుకోవాలనిపించింది. మొగుడి దగ్గరికి కాక ఎవరి దగ్గరికి పోతుంది? "డాడీ వచ్చాడు హోలిస్, నిజంగా వచ్చాడు!" అంటూ రెండు చేతులూ చాపి, ఎదురుగా, నిండుగా వాటేసుకోబోయింది. ఆమె ఎడమ చెయ్యి తిన్నగా అతని నడుం కుడివైపుకి వస్తోంది. హోలిస్ బుర్ర పనిచేయలేదు. చెయ్యి విదిలించి వెనక్కి గెంతాడు. ప్లేటు ఎగిరి సలాడ్ నేలపాలైంది.

వేయించిన కోడి ముందు వరసలో నిలబడ్డవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని ఆగిపోయారు. ఆర్డిత్ చేతులు అలాగే చాచి ఉన్నాయి. మొహం మీది నవ్వు మెల్లగా వెళ్లిపోయింది. వంగి, కాగితం రుమాళ్లతో సలాడ్ తుడిచి, చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. ఇదంతా ఎవరి మొహమూ చూడకుండా చేసింది.

"నాతో రా," అంది.

"మీ నాన్నగారికి ప్లేటు పెట్టి…"

"డాడీ ఎక్కడ?"

"బాత్‌రూమ్‌కి వెళ్లినట్టున్నారు."

"అయితే వచ్చేలోపు తేలిపోతుంది. రా."

కీర్తనలు పాడేవాళ్లు పొడుగు అంగీలు మార్చుకునే గది చర్చిలో పియానో వెనకాలే ఉంది. గోడ పొడవునా నీలం అంగీలు వేలాడుతున్నాయి. ఆర్డిత్ తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎవరావిడ?"

హోలిస్‌కి అర్థం కాలేదు. "ఎవరు ఎవరు?"

"నన్ను పిచ్చిదాన్ని చేయకు హోలిస్. నాకు కళ్లున్నాయి. కొత్త ప్యాంట్లు. కొత్త బెల్టు. ఏనాడూ లేనిది చొక్కా బయటికి వదిలేసి కాలేజీ కుర్రాడిలా తిరగడం. బట్టలు మార్చుకోవడానికి గరాజ్‌లోకి పోతావు, మన బెడ్‌రూమ్ ఏం పాపం చేసింది? నేను ముట్టుకుంటే ఉలిక్కిపడతావు. వాటేసుకుంటే ఎడమ పక్కే ఇస్తావు. ఆ కుడి పక్క ఎవరికి రాసిచ్చావు?"

"ఆర్డిత్, అది కాదు…"

"పోస్టాఫీసు సంగతేంటి?"

"పోస్టాఫీసా?"

"నెలన్నరగా ప్రతి పార్శిలూ నా చేత పంపిస్తున్నావు. ఇదివరకు రోజూ నువ్వే పోయేవాడివి. స్టాంపులు కొనే వంకతో, కౌంటర్లో కూర్చునే ఆ రెలీన్‌తో అరగంట కబుర్లు. ఇప్పుడు ఆ గుమ్మం తొక్కవేం? నలుగురి ముందూ ఆవిడ మొహం చూస్తే దొరికిపోతాననా? ఇవాళ ఇంతమందిలో నన్ను తోసేశావు. ఆవిడ హాల్లోనే ఉంది, నేను చూశాను. బీన్స్ వడ్డించుకుంటోంది."

హోలిస్‌కి నవ్వొచ్చింది. రాకూడని చోట, రాకూడని వేళ వచ్చింది. పోస్టాఫీసులోకి తుపాకీతో పోవడం నేరం. వెళ్లిన ప్రతిసారీ కార్లో నక్కి కూర్చుని, నడుములోంచి దాన్ని తీసి, పెట్టెలో పెట్టి, తాళం వేసి, తిరిగొచ్చాక మళ్లీ దోపుకునే తంటా పడలేక పార్శిళ్లు పెళ్లాం చేతికిచ్చాడు. దానికి పాపం రెలీన్ మీద నింద పడుతోంది. మూడు పెళ్లిళ్లు చేసుకుని విసిగిపోయిన రెలీన్.

"నవ్వుతున్నావా?" అంది ఆర్డిత్. ఆమె కళ్లు నిండిపోయాయి. హోలిస్ అప్పుడు సరిగ్గా చూశాడు. ఆ కళ్ల కింద నలుపు ఈ పూటది కాదు. ఎన్నో రాత్రులు తన పక్కనే పడుకుని, తనకి తెలియకుండా ఏడ్చింది. దొంగల గురించి ఆలోచిస్తూ మేలుకునే ఉన్న మనిషికి పక్కనున్న ఏడుపు వినపడలేదు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

ఒక్క క్షణం, ఔను రెలీనే అని ఒప్పేసుకుందామా అని కూడా అనిపించింది. పరాయి ఆడదానితో తిరిగాడంటే ఆర్డిత్ గోల చేస్తుంది, నెలలపాటు మాట్లాడదు, కానీ ఎప్పటికో ఒకప్పటికి క్షమిస్తుందేమో. తుపాకీ సంగతి క్షమిస్తుందని మాత్రం ఆయనకి నమ్మకం లేదు. కానీ ఆ కళ్లలోకి చూస్తూ ఇంకో అబద్ధం ఆడటానికి నోరు పెగల్లేదు.

"ఆడది కాదు," అన్నాడు. "తుపాకీ."

ఆర్డిత్ ఆయన చొక్కా వైపే చూస్తోంది. విన్నదో లేదో కూడా తెలియలేదు.

"పిస్టల్. చిన్నది. నెలన్నర అయింది కొని. కుడి నడుం దగ్గర పెట్టుకుంటున్నా. అందుకే…"

"ఇప్పుడుందా?"

"ఉంది."

"ఇక్కడా? ఈ గదిలోనా?"

"నా ఒంటి మీదే ఉంది."

ఆమె తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగి జరిగి అంగీల్లోకి వెళ్లిపోయింది. హ్యాంగర్లు గలగలమన్నాయి. మొగుడికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో నిలబడాలని చూస్తోంది. రెలీన్ గురించి అడిగినప్పుడు కూడా ఆమె అంత దూరం జరగలేదు.

"అందులో తూటాలున్నాయా?"

"ఉన్నాయి."

"రాత్రిళ్లు ఎక్కడ పెడుతున్నావు?"

"ఇంట్లోకి తేలేదు ఆర్డిత్, ఒట్టు. ఒక్కసారి కూడా తేలేదు. కార్లో, సీటు కింద, పెట్టెలో పెట్టి తాళం వేస్తా."

"కారు ఎక్కడుంటుంది?"

"గరాజ్‌లో."

"గరాజ్ ఎవరింట్లో ఉంది?"

హోలిస్ చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు.

"చెప్పు. గరాజ్ ఎవరింట్లో ఉంది?"

"నువ్వు ఆ రోజు షాపులో లేవు," అన్నాడు హోలిస్. గొంతు ఆయనకే కొత్తగా వినపడింది. "వాడు ఆ పిల్ల తలకి పెట్టి నొక్కుతున్నాడు. అది నా వైపే చూస్తోంది, అంకుల్ ఏదైనా చేస్తాడు అన్నట్టు. నేనేం చేశాను? చేతులెత్తాను. చేతులెత్తి, అయ్యా ఇదిగో, అయ్యా అదిగో అంటూ వాడికి సీసాలు వెతికి పెట్టాను. పెద్ద సంచీ కావాలా అని కూడా అడిగాను ఆర్డిత్. నా షాపులో, మా నాన్న షాపులో, ఆ వెధవకి సంచీ ఇచ్చాను!"

"ఇచ్చావు కాబట్టే కెండ్రా బతికుంది."

"అది నాకు తెలీదా? తెలుసు. పగలు తెలుసు. రాత్రి పడుకుంటే తెలీదు."

హాల్లోంచి పాస్టరు భోజనానికి ప్రార్థన చెప్పడం, జనం ఆమెన్ అనడం, ఆ వెంటనే కుర్చీలు ఈడ్చిన చప్పుడు వినపడ్డాయి. ఆర్డిత్ అంగీల మధ్యనుంచి కొంచెం ముందుకొచ్చింది. కోపం పోలేదు కానీ, కోపం వెనకాల ఉన్నది ఇప్పుడు మొహంలోకి వచ్చింది.

"భయమేస్తే నాతో ఎందుకు చెప్పలేదు?" అంది.

"చెప్తే వద్దంటావని."

"అంటాను. వద్దంటాను. ఎందుకో తెలుసా? క్లే కోసమే అనుకుంటున్నావు కదా నువ్వు? ఎప్పుడో పోయినవాణ్ణి పట్టుకుని ఇంకా వేలాడుతోంది అనుకుని ఉంటావు."

"అలా ఎప్పుడూ అనుకోలేదు."

"అమ్మ పోయిన తర్వాత డాడీ మాటలు ఎలా ఉన్నాయో నువ్వూ విన్నావు. చాలమ్మా, నా పని అయిపోయింది, అంటాడు. ఏప్రిల్లో డాక్టర్ నన్ను పక్కకి పిలిచింది. మీ నాన్న తిరిగే ఇళ్లలో ఎక్కడైనా తుపాకీ ఉందా అని అడిగింది. ఆయన ఇంట్లో లేదండీ, క్లే పోయిన వారానికే దాన్ని తీసుకెళ్లి నదిలో పారేశాడు అన్నాను. మరి మీ ఇంట్లో, అంది. ఈ ఊళ్లో ఆ ప్రశ్నకి లేదు అని చెప్పగలిగిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను హోలిస్. ఎంత గర్వంగా చెప్పానో తెలుసా? మా ఆయన మాటిచ్చాడండీ అని చెప్పాను." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "వారానికి నాలుగు రాత్రులు డాడీ మన టేబుల్ దగ్గర తింటున్నాడు. ముందు మెట్లు ఎక్కలేక ఏ దారిన లోపలికొస్తాడు? మన గరాజ్‌లోంచి కాదూ? నీ కారుని ఆసరా పట్టుకుని వస్తాడు."

ఇన్నాళ్లూ హోలిస్ ఊళ్లో అందరి చేతులూ చూశాడు. ఇంటికి రోజు విడిచి రోజు వచ్చే ఆ ముసలి చేతుల గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ డాక్టర్ రాసిన మాత్రలు కూడా తన షాపులోంచే, తన చేత్తోనే సీసాలో పోసి ఇచ్చాడు. ఇచ్చి, రోజూ వేసుకోండి సార్ అని నవ్వాడు.

"నాది తప్పే," అన్నాడు. "పెద్ద తప్పు."

"తప్పొప్పులు తర్వాత. ఓర్విల్‌కి ఇచ్చెయ్. ఇప్పుడే, నా కళ్ల ముందు. ఆయన ఎక్కడ పెట్టుకుంటాడో, ఎవరికి అమ్ముతాడో నాకనవసరం. అది మళ్లీ మన కారెక్కకూడదు."

"షాపులో పెట్టుకుంటా, లాకర్లో…"

"హోలిస్."

ఆ పిలుపులో బెదిరింపు లేదు. బతిమాలడమే ఉంది. ఇరవై ఆరేళ్లలో ఆర్డిత్ ఆయన్ని రెండోసారి ఏదైనా అడగడం ఇదే. హోలిస్ తల ఊపాడు. ఊపిన క్షణంలోనే భుజాలు తేలికపడ్డాయి. ఎన్నాళ్లుగానో ఎవరైనా వద్దని చెప్తారా అని ఎదురుచూసిన మనిషిలా ఉన్నాడు.

"ఇచ్చేస్తా. పద, ఓర్విల్ దగ్గరికి ఇద్దరం పోదాం. నువ్వు చూడక్కర్లేదు, కావాలంటే అటు తిరుగు."

"చూస్తాను," అంది ఆర్డిత్. "ఇన్నాళ్లూ నాకు అడ్డమొచ్చింది ఎలా ఉంటుందో చూడనీ."

హోలిస్ చొక్కా అంచు ఎత్తి, కుడి చెయ్యి నడుం మీదికి పోనిచ్చాడు.

ఒర ఉంది. ఒరలో ఏమీ లేదు.

మళ్లీ తడిమాడు. వెనక్కి తడిమాడు, ఎడమవైపు తడిమాడు. పిచ్చివాడిలా జేబులు కూడా చూసుకున్నాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైంది?" అంది ఆర్డిత్.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రసంగం జరుగుతుండగా కడుపులో తిప్పింది. ఈ మధ్య ఆదివారాలు అలాగే అవుతోంది. ఆఖరి కీర్తన మొదలవగానే మెల్లగా లేచి, నడవా చివర, ఒక్కరే పట్టే పాత బాత్‌రూమ్‌కి వెళ్లాడు. దీన్ని పెట్టుకుని తిరిగేవాళ్లకి అదొక పెద్ద అవస్థ. ప్యాంటు దించితే ఆ బరువుకి తుపాకీ తలకిందులై గచ్చు మీద పడుతుంది. పాతకాపులు ఏం చేస్తారో ఓర్విల్‌ని అడగటానికి సిగ్గేసింది. అందుకని దాన్ని ఒరలోంచి తీసి, పక్కన గోడకున్న కాగితం చుట్ట పెట్టె మీద పెట్టాడు. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. కంగారులో లేచి, ప్యాంటు బిగించి, చొక్కా సర్దుకుని, బయటపడ్డాడు. ఒర గట్టిది కావడంతో మోచెయ్యి తగిలినప్పుడల్లా అన్నీ ఉన్నట్టే అనిపించింది. అంటే ఇందాక హాల్లో, ఊరందరి ముందూ, భార్యని విదిలించుకున్నది అక్కడ లేనిదాన్ని దాచడానికి.

"బాత్‌రూమ్‌లో వదిలేశాను," అన్నాడు.

"ఏ బాత్‌రూమ్‌లో?"

"నడవా చివర…" అని ఆగిపోయాడు. తలుపు తట్టింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. తలుపు తీయగానే ఎదురుగా, చేతికర్ర మీద వాలి, టై కట్టుకుని నిలబడ్డ మనిషి. మీరు వెళ్లండి సార్ అంటూ తనే తలుపు పట్టుకుని, లోపలికి పంపించి వచ్చాడు.

ఆర్డిత్ హోలిస్ మొహం చూసింది, ఖాళీ ఒర చూసింది. "డాడీ ఇంకా రాలేదు," అంది, ఎవరితోనో అన్నట్టు. తలుపు లాగి పరుగెత్తింది.

హోలిస్ ఆమె వెనకాలే పరుగెత్తాడు. నడవా మొదట్లో ఓర్విల్ ఐస్ టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. "ఏంటి బ్రదర్, మంటలా?" అని నవ్వబోయి, పైకి లేచిన చొక్కానీ దాని కింద ఖాళీ ఒరనీ చూసి, నవ్వు ఆపేశాడు.

"పిల్లల్ని ఇటు రానివ్వకండి," అన్నాడు హోలిస్. "ఎవర్నీ రానివ్వకండి."

ఓర్విల్ గ్లాసు నేల మీద పెట్టి, నడవాకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఇంకేమీ అడగలేదు.

బాత్‌రూమ్ తలుపుకి లోపల గడియ వేసి ఉంది. కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు. ఆర్డిత్ రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పింది. తిరగలేదు.

"డాడీ? డాడీ, నేను. ఒంట్లో బాగానే ఉందా?"

కుళాయి ఆగింది. చాలాసేపటికి వెర్లన్ గొంతు వినపడింది. రోజూ భోజనాల దగ్గర ఉప్పు అందివ్వమని అడిగే గొంతే.

"హోలిస్ ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాను సార్."

"ఇది నీదేనా?"

"నాదే సార్."

"ఇలాంటివి ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదయ్యా."

"తప్పయింది సార్. తలుపు తీయండి, తీసేసుకుంటాను. మీకోసం ప్లేటు పెట్టించాం. ఇమోజిన్ గారికి ఇష్టమైన అరటిపండు పుడ్డింగ్ కూడా ఉంది, ఎవరో చేసుకొచ్చారు." ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియడం లేదు. మాట ఆగితే ఏమవుతుందోనని మాట్లాడుతున్నాడు.

"ఎంత తేలిగ్గా ఉందో," అన్నాడు వెర్లన్ లోపలినుంచి. "మా రోజుల్లో ఇంత తేలిగ్గా ఉండేవి కావు."

అంటే చేతిలో ఉంది. హోలిస్ తలుపుకి భుజం ఆనించాడు. ఓక్ చెక్క తలుపు, వందేళ్ల నాటిది, కదల్లేదు. గట్టిగా గుద్దితే లోపల ముసలాయన ఉలిక్కిపడితే? ఆ ఆలోచనకే ఆగిపోయాడు. ఆర్డిత్ ఇంకా పిడి పట్టుకునే ఉంది.

"ఆర్డిత్," అన్నాడు వెర్లన్. గొంతు ఇప్పుడు దగ్గరగా వినపడింది, తలుపుకి అవతలే నిలబడ్డట్టు. "నువ్వు హాల్లోకి పోమ్మా. ఆ రోజు క్లే గది తలుపు తీసింది నువ్వే. నేను గుమ్మంలో నిలబడిపోయాను, నువ్వే తీశావు. ఇవాళ నువ్వు తీయొద్దు."

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ సంగతి హోలిస్‌కి ఎవరూ చెప్పలేదు. ఆయన భార్య వైపు చూశాడు. ఆర్డిత్ మొహంలో రక్తం లేదు. ఆమె ఆయన వైపు చూడలేదు. నుదురు తలుపు చెక్కకి ఆనించి, పిడి వదలకుండా, అవతలున్న మనిషికి మాత్రమే వినపడేలా అంది:

"నేను ఎక్కడికీ పోను డాడీ. ఆ రోజు తలుపు తీసేసరికి వాడు లేడు. నువ్వు ఉన్నావు. మాట్లాడుతున్నావు. నేను తీయను. నువ్వే తియ్యి."

లోపల చేతికర్ర గచ్చు మీద పడింది. ఆ తర్వాత ఏమైందో వచ్చే వారం.